పంచదార పాకం భౌతిక మార్పా, రసాయనిక మార్పా? మా ఇంట్లో తగువు తెగట్లేదు

గోదారి గరిటె అడిగారు:

నమస్కారం అండి. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే కాజాలు, అరిసెలు, పూతరేకులు ఆర్డర్ల మీద చేసి పంపిస్తుంటాను. మా అమ్మాయి ఏడో తరగతి. మొన్న పరీక్షలో కొన్ని మార్పులు ఇచ్చి, ఏది భౌతికం, ఏది రసాయనికం అని అడిగారు. అందులో పంచదార పాకం పట్టడం ఒకటి. మాది భౌతికం అని రాసింది, మార్కు పోయింది. ఎందుకని వాళ్ల సారుని అడిగితే, "వేడి చేశాం, బుడగలు వచ్చాయి, రంగు మారింది, ఇంకేం కావాలి" అన్నారట.

పిల్ల ఏడుస్తూ రాలేదు, పోట్లాడుతూ వచ్చింది. "రోజూ పాకం పట్టేది నువ్వు, నువ్వే చెప్పు" అని నా మీద పడింది. నేను ఇంటర్‌లో సీఈసీ. పాకం సంగతి చేతికి తెలుసు గానీ అణువుల సంగతి నాకేం తెలుసు?

నాకు తెలిసింది చెప్తాను, పైది మీరు చెప్పండి. కేజీ పంచదారకి అర లీటరు నీళ్లు పోసి పొయ్యి మీద పెడితే ముందు లేత పాకం, తర్వాత వేళ్ల మధ్య సాగే తీగ పాకం, ఆ తర్వాత పళ్లెంలో చన్నీళ్లు పోసి చుక్క వేస్తే మెత్తగా ఉండ కట్టే పాకం. ఇంకా ఉంచితే ఆ ఉండని పళ్లేనికేసి కొడితే టంగుమంటుంది. ఇక్కడిదాకా ఏ పాకం ముదిరినా భయం లేదు, కాసిని నీళ్లు చిలకరిస్తే మళ్లీ లేత పాకం అయిపోతుంది. కానీ ఒకసారి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోతే ఎర్రబడి, నల్లబడి, చేదెక్కింది. దానికి ఎన్ని నీళ్లు పోసినా పంచదార రాదు.

అంటే ఒకే గిన్నెలో కాసేపు భౌతికం, కాసేపు రసాయనికమా? అదైతే గీత ఎక్కడ?

ఇంకోటి. కాజాల పాకంలో నాలుగు నిమ్మచుక్కలు వేస్తాం. వేయకపోతే తెల్లారేసరికి గిన్నె అంచున పంచదార పలుకులు కట్టేస్తుంది. వేస్తే కట్టదు. రంగు మారదు, వాసన మారదు, బుడగా రాదు. మరి ఆ నిమ్మరసం లోపల ఏం చేస్తున్నట్టు?

---

వెనక బెంచీ రాశారు:

ఇందులో ఇంత చర్చ అవసరమా అండీ. చిన్నప్పుడు మా సారు చెప్పిన రూలు ఒక్కటే. మళ్లీ వెనక్కి తేగలిగితే భౌతికం, తేలేకపోతే రసాయనికం. మంచు కరిగితే మళ్లీ గడ్డకట్టించొచ్చు, కాగితం కాలిస్తే బూడిదలోంచి కాగితం రాదు. పాకం ఆరితే పంచదార వస్తుంది కాబట్టి భౌతికం. పాప కరెక్ట్, మార్కు అడిగి వేయించుకోండి.

---

పరీక్షనాళిక రాశారు:

జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లుగా కెమిస్ట్రీ చెప్తున్నాను. ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. జవాబు పొడుగు, ఓపిక పట్టండి.

ముందు వెనక బెంచీ గారికి. ఆ రూలు మా సారూ చెప్పారు, పరీక్ష వరకు పనికొస్తుంది, అసలు చోట ముంచేస్తుంది. గోధుమలు మరలో పోసి పిండి పట్టించండి. ఆ పిండిని మళ్లీ గింజలుగా చేయగలరా? చేయలేరు, అయినా అది భౌతికమే. గింజలో ఉన్న పిండి పదార్థమే పిండిలోనూ ఉంది. ఇటు చూడండి, మీ ఫోన్ బ్యాటరీ రోజూ ఛార్జ్ అవుతుంది, దిగిపోతుంది, మళ్లీ ఎక్కుతుంది. వందల సార్లు వెనక్కి వచ్చే ఆ మార్పు రసాయనికం. మైలుతుత్తం (రాగి లవణం) పలుకుల్ని వేడి చేస్తే నీలం పోయి తెల్లపొడి అవుతుంది, చుక్క నీరు వేస్తే మళ్లీ నీలం. కాబట్టి వెనక్కి రావడం, రాకపోవడం అసలు విషయం కాదు.

వేడి, బుడగలు, రంగు కూడా అంతే. నీళ్లు మరిగితే బుడగలు వస్తాయి, అది ఆవిరే. కొలిమిలో ఇనుము ఎర్రబడుతుంది, చల్లారితే అదే ఇనుము. ఇవి గుర్తులు మాత్రమే. అడగాల్సింది ఒకటే: లోపలి అణువులు అవే ఉన్నాయా, కొత్తవి పుట్టాయా?

ఇప్పుడు అమ్మా, మీ గిన్నెలోకి వద్దాం. పంచదార అణువు చాలా పెద్దది. 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్, మొత్తం 45 పరమాణువులు. నీటి అణువులో ఉన్నవి మూడే. బరువులో పంచదార అణువు నీటి అణువుకి 19 రెట్లు. పంచదార పలుకులో ఈ పెద్ద అణువులు వరస తప్పకుండా పేర్చి ఉంటాయి. నీళ్లు పోయగానే నీటి అణువులు ఆ వరసలోకి దూరి ఒక్కోదాన్నీ విడదీసి చుట్టూ మూగుతాయి. పలుకు మాయమైంది, అణువు మాత్రం చెక్కుచెదరలేదు. నాలుక మీద తీపి అందుకే ఉంది.

మీరు చెప్పిన కొలతే తీసుకుని లెక్క కట్టాను. కేజీ పంచదారకి అర లీటరు నీళ్లంటే ఒక్కో పంచదార అణువుకి తొమ్మిదిన్నర నీటి అణువులు. మరుగుతున్నకొద్దీ నీటి అణువులు ఎగిరిపోతాయి, పంచదారవి ఎగరలేక మిగిలిపోతాయి. తీగ పాకంలో సుమారు 80 శాతం పంచదార ఉంటుంది, అంటే గిన్నెలో నీరు పావు లీటరే మిగిలింది, అణువుకి ఐదు కూడా లేవు. చన్నీళ్లలో మెత్తగా ఉండ కట్టే పాకం సుమారు 85 శాతం, అణువుకి మూడు పైచిలుకు. టంగుమనే పాకంలో నీరు ఒక శాతం దగ్గరికి వస్తుంది. అక్కడ ఐదు పంచదార అణువులకి కలిపి ఒక్క నీటి అణువు! మధ్యలో జారనిచ్చే నీరు లేక ఆ పెద్ద అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. అందుకే సాగడం, ఉండ కట్టడం, పళ్లేనికి తగిలి మోగడం. మీ వేళ్లు తూకం లేకుండా కొలిచేది ఈ నిష్పత్తినే.

పాకం వేడి కూడా 100 డిగ్రీల దగ్గర ఆగదు, గమనించే ఉంటారు. పైభాగాన నీటి అణువుల చోట్లు కొన్ని పంచదార అణువులు ఆక్రమించుకున్నాయి కదా, నీరు ఎగరాలంటే ఇంకా వేడి కావాలి. తీగ పాకం 106 దాటాకే వస్తుంది, మెత్తటి ఉండ 112 నుంచి 116 మధ్య, టంగుమనేది 150 దగ్గర. ఇంత దూరం వచ్చినా మార్పు భౌతికమే.

గీత ఆ తర్వాత ఉంది, సుమారు 160 దగ్గర. అక్కడ పంచదార అణువే తెగడం మొదలవుతుంది. కావాలంటే ఇది చూడండి (పొయ్యి దగ్గర పాప కాదు, మీరే నిలబడండి). పొడి మూకుట్లో చుక్క నీరు లేకుండా రెండు చెంచాల పంచదార వేసి సన్నమంట పెట్టండి. కరిగి ఎర్రబడేటప్పుడు పైన చల్లటి స్టీలు పళ్లెం పట్టుకోండి. పళ్లెం అడుగున చెమట పడుతుంది. మీరు నీళ్లు పోయలేదు కదా, ఎక్కడివి? పంచదార అణువులు చితికి, వాటిలోని హైడ్రోజన్, ఆక్సిజన్ నీరుగా విడివడి బయటికొచ్చాయి. గోధుమరంగు, ఆ కమ్మటి వాసన, తర్వాత చేదు, అన్నీ కొత్తగా పుట్టిన అణువులవి. చివరికి మిగిలే నలుపు చాలావరకు కార్బన్. దానికి నీళ్లు పోస్తే పంచదార ఎందుకు రాదంటే, అక్కడ పంచదార అణువు లేదు గనక.

ఇక నిమ్మచుక్క. నా దృష్టిలో మీ మొత్తం ప్రశ్నలో బంగారం ఇదే. పంచదార అణువంటే ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు చేతులు పట్టుకుని నిలబడ్డ జంట. వేడి పాకంలో నిమ్మలోని ఆమ్లం ఆ చేతులు విడిపిస్తుంది, ఆ తెగిన చోట ఒక నీటి అణువు వచ్చి అతుక్కుంటుంది. అలా కొన్ని జంటలు విడిపోతే చాలు. చల్లారాక మిగతా పంచదార అణువులు వరస కట్టబోతే ఈ వేరే ఆకారం వాళ్లు మధ్యలో అడ్డం పడతారు. పలుకు కట్టదు.

రంగు లేదు, బుడగ లేదు, వాసన లేదు. అయినా నికార్సైన రసాయనిక మార్పు. పుస్తకంలోని గుర్తుల పట్టీ పట్టుకుని వెళ్తే దీన్ని ఎప్పటికీ పట్టుకోలేం.

మార్కు సంగతి: "పాకం పట్టడం" అని ఊరికే అడగడమే తప్పు. ఏ పాకం? నిమ్మ వేశారా? మామూలు పాకమైతే మీ పాపదే రైటు. మాస్టారితో దెబ్బలాడొద్దు, పిల్లని ఈ రెండు ప్రశ్నలు మర్యాదగా అడగమనండి.

---

గోదారి గరిటె రాశారు:

మాస్టారూ, దండాలండి. పళ్లెం పట్టి చూశాను, నిజంగానే చెమ్మ పట్టింది. పిల్ల ఎగిరి గంతేసింది. మూకుడు తోముకోవడం మాత్రం నా వంతు.

ఇప్పుడు ఇంకో పేచీ. "నిమ్మచుక్క వేస్తే కొత్త అణువులు పుట్టాయని మీరంటే సరిపోతుందా, కంటికి కనపడాలి కదా" అంటోంది. చూపించే దారి ఉందా?

అలాగే పూతరేకు సంగతి. బియ్యం జాలుగా రుబ్బి, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్కసారి లాగుతాం. రెప్పపాటులో పొర లేస్తుంది, అవతల వీధి కనపడేంత పల్చన. ఆ పొరని మళ్లీ పిండి చేయలేం. మా పిల్ల పుస్తకంలో వండటం అంటే రసాయనిక మార్పు అని ఉంది. ఔనా?

---

పరీక్షనాళిక రాశారు:

మీ అమ్మాయి నాకు నచ్చింది. మేష్టారు చెప్పారు కదా అని నమ్మేయకూడదు.

దారి ఉంది. స్కూలు ల్యాబులో బెనెడిక్ట్ ద్రావణం ఉంటుంది, లేకపోతే దగ్గర్లో ఏ జూనియర్ కాలేజీ వాళ్లయినా ఇస్తారు. నీలంగా ఉంటుంది, అందులో ఉన్నది మైలుతుత్తమే, చాకలిసోడా, సిట్రేటు కలిపి. షుగర్ జబ్బుకి మూత్రంలో చక్కెర చూడటానికి పాతరోజుల్లో దీన్నే వాడేవారు: 5 మిల్లీలీటర్ల ద్రావణం, 8 చుక్కల మూత్రం, వేడి. గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటే నీలం కాస్తా ఆకుపచ్చ, పసుపు, నారింజ మీదుగా ఇటుక రంగుకి తిరుగుతుంది. మామూలు పంచదారకి తిరగదు. దాని జంట విడిపోనంతవరకు రాగితో చర్య జరిపే కొస బయటపడదు.

నిమ్మ వేయని పాకం, వేసి మరిగించిన పాకం, రెండింటినీ నీళ్లలో బాగా పల్చన చేసి, రెండు పరీక్షనాళికల్లో ఒకే కొలతగా వేసి, మరుగుతున్న నీళ్ల గిన్నెలో రెండు మూడు నిమిషాలు ఉంచితే చాలు. ఇంట్లో వద్దు, సైన్సు సారు దగ్గరుండగా చేయించండి. చేసింది మాత్రం ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు.

పూతరేకు గురించి పుస్తకంతో నాకు కాస్త పేచీ ఉంది. బియ్యంలోని పిండి పదార్థం చిన్న చిన్న రేణువుల్లో గట్టిగా చుట్టుకుని ఉంటుంది. 70 డిగ్రీల ప్రాంతంలో నీరు లోపలికి చొరబడి ఆ చుట్టల్ని వదులు చేస్తుంది, రేణువు ఉబ్బి పగులుతుంది, పొడుగు గొలుసులు బయటికి సాగి ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి. మీ కుండ మీద నీరు ఒక్కసారిగా ఎగిరిపోగానే ఆ అల్లిక పొరగా మిగులుతుంది. ఇందులో గొలుసు తెగలేదు, గొలుసుల మధ్య ఉన్న బలహీనమైన పట్లు మాత్రమే విడి మళ్లీ పడ్డాయి. నన్నడిగితే అది భౌతికానికే దగ్గర. అదే రేకు అంచు మాడి గోధుమరంగు వచ్చిందా, అక్కడ రసాయనం మొదలైనట్టు. వంట అనే మాటలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి, అందుకే ఒక్క ముక్కలో జవాబు చెప్పమంటే కష్టం. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయమనండి, మళ్లీ మార్కు పోయిందని నా మీదికి రావద్దు.

---

వెనక బెంచీ రాశారు:

సార్, గోధుమపిండి దెబ్బకి నా రూలు పోయింది, సరే. మరి ఉప్పు? నీళ్లలో సోడియం, క్లోరిన్ విడిపోతాయి కదా. అణువు తెగినట్టే కదా. రసాయనికం అనాలా?

---

పరీక్షనాళిక రాశారు:

మంచి మెలిక. ఉప్పు పలుకులో అణువులంటూ జంటలు లేవు. సోడియం అయాన్లు, క్లోరైడు అయాన్లు (అయానంటే ఆవేశం ఉన్న పరమాణువు) మొదటినుంచీ విడివిడిగానే ఉండి, ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉంటాయి. నీళ్లలో ఆ బారులు విడిపోయాయి, అయాన్లు అవే. అందుకే బడిలో భౌతికం అంటాం. కాకపోతే అయాన్ల మధ్య పట్టు గట్టిదే, నీరు వాటిని చుట్టుకోవడమూ ఊరికే మూగడం కాదు. దీన్ని ఎటు వేయాలని కెమిస్ట్రీ వాళ్లలోనే వాదన ఉంది. పంచదారకి ఆ ఇబ్బంది లేదు.

---

గోదారి గరిటె రాశారు:

మాస్టారూ, చేశారండి! వాళ్ల సైన్సు సారే ల్యాబులో పిల్లలందరి ముందు చేయించారు. నిమ్మ వేయని పాకం నీలంగానే ఉంది. నిమ్మ పాకం ముందు పచ్చగా తిరిగి, చూస్తుండగానే ఇటుక రంగు అడుగున పేరుకుందట. ఆ సారు కూడా "పాకం ప్రశ్న సరిగ్గా ఇవ్వలేదు" అని అందరికీ మార్కు కలిపేశారు. ఆయన పెద్దమనసుకి ఓ డబ్బా కాజాలు పంపాను.

కానీ ఇక్కడొకటి తేలలేదు. మా పిల్ల ఊరుకోక అరిసెలకి తెచ్చిన బెల్లం ముక్క కూడా జేబులో వేసుకుని వెళ్లింది. దాన్ని నీళ్లలో కరిగించి వేస్తే అదీ ఎర్రబడింది. బెల్లంలో నేను నిమ్మరసం పిండలేదు కదా?

---

చోడవరం చెరకు రాశారు:

ఇది నాకు తెలిసిన సంగతి, చెప్తాను. మాది అనకాపల్లి వైపు, మా నాన్న, తాత బెల్లం వండినోళ్లు. నేను ఉద్యోగానికొచ్చేశాను గానీ పెనం ముందు పెరిగినోణ్ని.

చెరకు రసానికి సొంతంగా కాస్త పులుపు గుణం ఉంటుంది, నాలికకి తెలీదు గానీ పీహెచ్ (పులుపు కొలత, 7కి ఎంత తగ్గితే అంత పులుపు) 5 పైచిలుకే. అంటే మీరు వేసే నిమ్మరసం పని చెరకే కొంత చేసేస్తుందన్నమాట. పైగా చెరకు నరికాక ఆలస్యం చేస్తే గడలోని ఎంజైములే పంచదారని విరగ్గొట్టేస్తాయి. అందుకే నరికిన చెరకు ఒక్కరోజులో గానుగ ఆడేయాలని మా తాత కేకలేసేవాడు. ఎంజైముల సంగతి ఆయనకి తెలీదు, ఆలస్యమైన చెరకుతో బెల్లం గట్టిపడదని మాత్రం తెలుసు.

పెనంలో రసం కాగేటప్పుడు సున్నపు తేట వేస్తాం. మురికి తెట్టులా పైకి తేలుతుంది, తీసేస్తాం. ఆ సున్నమే పులుపునీ విరుస్తుంది, కాబట్టి జంటలు విడిపోవడం తగ్గుతుంది. మీరు కాజాలకి కావాలని చేసేదాన్ని మేం బెల్లానికి జరగకుండా ఆపుతాం. మీకు పలుకు కట్టకూడదు, మాకు కట్టకపోతే దిమ్మ నిలబడదు. సున్నం తక్కువైతే జిగటగా మిగిలిపోతుంది, ఎక్కువైతే నల్లబడుతుంది, రుచి చెడుతుంది. ఆ కొలత మా నాన్న నురగ రంగు చూసి చెప్పేవాడు.

ఎంత ఆపినా కొంత విడిపోతుంది. అందుకే ఏ బెల్లం పెట్టినా పరీక్షలో ఎర్రబడుతుంది. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లి కారిపోవడానికీ ఎక్కువగా అదే కారణం. విడిపోయిన ఫ్రక్టోజు గాల్లో తేమని బాగా లాగేస్తుంది.

ఇక దింపే అదను చూడటానికి మేమూ మీలాగే చన్నీళ్లలో చుక్క వేసి ఉండ చూస్తాం. 116, 118 డిగ్రీల మధ్య దింపుతారని తర్వాత చదువుకున్నాను.

మరీ పచ్చగా మెరిసే బెల్లం కొనకండి అక్కా. రంగు కోసం హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వేస్తారు, ఆ మెరుపు చెరకుది కాదు. అరిసెలకి కాస్త ముదురు రంగుదే తీసుకోండి, పాకం నిలుస్తుంది.

---

గోదారి గరిటె రాశారు:

చాలా థ్యాంక్స్ తమ్ముడూ. మా కొట్టువాడు ఇచ్చేది పచ్చగా మెరిసేదే, రేపటి నుంచి మారుస్తాను. మాస్టారూ, పిల్ల ఈసారి తేనె పట్టుకెళ్తానంటోంది. అదెలా తిరుగుతుందో ముందే చెప్పకండి, చెప్తే చేసే సరదా పోతుందట.

---

పరీక్షనాళిక రాశారు:

చెప్పను. ఒక్క చెంచా చాలు, బాగా పల్చన చేయమనండి. పక్కన పంచదార నీళ్ల నాళిక ఒకటి తప్పకుండా పెట్టమనండి, అది లేకుండా చూసింది లెక్కలోకి రాదు.